ఎదుటి చెయ్యి

జూన్ 9, 2008. విశాఖపట్నం

ఇక్కడ గట్టిగా తిట్టడానికి వీల్లేదు. నిశ్శబ్దం పాటించండి అని గోడకి బోర్డు పెట్టారు. అందుకని రాస్తున్నాను. కాఫీ మొక్కలిచ్చే ఆఫీసువాళ్ళు జనవరిలో మా ఆయన రవిబాబుకి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ ఖాళీగా పడి ఉంది. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివిన చదువు చివరికి తోడికోడల్ని తిట్టుకోవడానికి పనికొచ్చింది.

తోడికోడలంటే ఈశ్వరమ్మ, మా బావ ధర్మకి పెళ్ళాం. నోటితో అక్కా అంటాను. మనసులో ఏమంటానో ఇక్కడ రాయను, కాయితం పాడవుతుంది.

పోయిన నెల పెదబయలు సంత నుంచి వస్తూ గెడ్డ నీళ్ళు దాటగానే పడిపోయింది. పక్షవాతం. కుడి కాలు, కుడి చెయ్యి, మాట, మూడూ పోయాయి. కాలు కొంచెం వచ్చింది, ఈడ్చుకుంటూ నడుస్తుంది. చెయ్యి రాలేదు. మాటల్లో ఒక్కటే మిగిలింది. "ఏటి." అన్నం తింటావా అంటే ఏటి. నొప్పిగా ఉందా అంటే ఏటి. అన్ని మాటలూ పోయి, పద్దెనిమిదేళ్ళు నన్ను నిలబెట్టి అడిగిన ఆ ఒక్క మాటే మిగలాలా?

నా ఖర్మ ఎలా ఉందంటే, మా ఆయనకి జి.మాడుగులలో అటెండరు ఉద్యోగం వచ్చింది. అక్కడ ఇల్లు చూశాడు. వేరు కాపురం పెట్టుకోండని పెద్దలు కూడా ఒప్పుకున్నారు. నేను గిన్నెలు మూట కట్టాను. ఆ మూట విప్పకముందే ఈవిడ పడింది. పెద్దలు మాట మార్చారు. "దాని గంజి అది కాసుకున్నదాకా కురపా గడప దాటకూడదు" అన్నారు. కురపా అంటే నేనే. కృపావతి అని పూర్తిగా పిలిచే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు.

బావకి విత్తనాల పని. మా ఆయనకి ఉద్యోగం. చదువొచ్చింది, బస్సులెక్కడం వచ్చింది నాకు. కాబట్టి ఆసుపత్రికి నేనే. ఈవిడ చెయ్యి లేస్తేనే నా కాలు కదులుతుంది. అదీ సంగతి.

జూన్ 10

రోబోని చూశాను. మనిషి ఆకారంలో ఉంటుందనుకున్నాను, అదేం లేదు. ఒక బల్ల, బల్ల మీద ఇనప చెయ్యి, దాని కొసన పిడి. ఈవిడ కుడి చేతిని ఆ పిడికి పట్టీలతో కడతారు. ఎదురుగా టీవీ లాంటి దాంట్లో ఒక గుండ్రటి గీత, గీత మీద పాకే చుక్క. ఆ చుక్కతో పాటు పిడి తిప్పాలి. చెయ్యి లాగగలిగినంత లాగితే మిగతాది యంత్రం లాగుతుందట. మనిషి లాగింది పసుపు రంగులో పడుతుంది, యంత్రం లాగింది నీలం రంగులో. ఏ చెయ్యి ఎంత కోలుకుందో అలా తెలుస్తుందట.

దీన్ని తయారుచేసింది లక్ష్మీప్రసాద్ సార్, ఇంజినీరింగు కాలేజీ ఆయన. సన్నగా ఉంటాడు, చొక్కా జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవరు.

"అంటే సార్, ఈవిడ లాగకపోతే అదే లాగేస్తాదా?" అన్నాను.

"అవునమ్మా. చెయ్యి ఎంత తక్కువ చేస్తే యంత్రం అంత ఎక్కువ సాయం చేస్తుంది."

నవ్వొచ్చింది. ఆ ఉద్యోగం నేను పద్దెనిమిదేళ్ళు చేశాను సార్, నాకు కరెంటు కూడా అక్కర్లేదు అందామనుకున్నాను.

కట్టేముందు ఈవిడ ఎడం చేత్తో బల్లని తాకి కళ్ళకద్దుకుంది. చెయ్యి పట్టి వ్యాయామం చేయించే జయశ్రీ మేడమ్ "ఎంత భక్తో చూడండి సార్!" అని మురిసిపోయింది. భక్తి లేదు, ఏం లేదు. ఇంట్లో తిరగలి ముందు కూర్చున్నా ఇదే వేషం.

ఇవాళ అంతా నీలమే.

జూన్ 12

నీలం.

జూన్ 13

నీలం. జయశ్రీ మేడమ్ చప్పట్లు కొడుతోంది. దేనికో తెలీదు. "మీ ఏజెన్సీవాళ్ళు కొండలెక్కేవాళ్ళు కదండీ, బలం ఉంటుంది, ట్రై చెయ్యండమ్మా" అంటోంది, చంటిపిల్లకి పాలు పట్టినట్టు. కొండలు చేతులతో ఎక్కుతామనుకుంటోందేమో.

జూన్ 14

ఉక్క. సముద్రం గాలి చల్లగా ఉంటుందని ఎవడు చెప్పాడో వాణ్ణి తెచ్చి ఈ షెడ్డులో పడుకోబెట్టాలి. రోగుల తాలూకు వాళ్ళందరికీ ఒకటే రేకుల షెడ్డు. ఈవిడకి తల దువ్వి, నీళ్ళు పోసి, ముద్దలు కలిపి నోట్లో పెట్టి నేను తినేసరికి అన్నం చల్లారిపోతుంది.

ఖాళీగా కూర్చుంటే తిరగలి గుర్తొస్తోంది. పెళ్ళైన మర్నాడు పొద్దున్నే నన్ను దాని ముందు కూర్చోబెట్టింది ఈవిడే. చోళ్ళు, పట్నంవాళ్ళ రాగులు, విసరాలి. ఎదురెదురుగా ఇద్దరం, ఒక పిడి మీద ఇద్దరి కుడి చేతులు, ఎడం చేత్తో ఆవిడ గింజలు పోస్తుంది. నేను కొత్త కదా, మెప్పు పొందాలని బలంకొద్దీ లాగాను. మణికట్టు మీద ఫట్‌మని ఒక్కటి వేసింది.

"ఒగ్గవే గుంటా! నాను లాగేటప్పుడు నీ సెయ్యి ఒగ్గు. నువ్వు లాగేటప్పుడు నాను ఒగ్గుతాను. ఇద్దరం ఒక్కపాలే లాగితే రాయి లెగిసిపోదేటి?"

మాట బానే ఉంది, ఒకరు లాగుతుంటే ఒకరు వదలాలి. ఆచరణలో జరిగిందేమిటంటే, నా వంతూ నేనే లాగాను, ఆవిడ వంతూ నేనే లాగాను. ఆవిడ పిడి మీద చెయ్యి వేసుకుని ఊళ్ళో కబుర్లు చెప్పేది. వేసుకుని, అంతే. అలా అని ఎవరికి చెప్పను? ఇద్దరు కలిసి తిప్పుతున్న రాయిలో ఎవరి బలం ఎంతో చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? నా భుజానికి తెలుసు. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో ఆ భుజం ఎత్తలేకపోయేదాన్ని.

మిల్లుకి పోదామంటే మిల్లు పిండి కాలిన వాసనట ఆవిడకి. పెదబయలులో మిల్లు పెట్టి ఎన్నేళ్ళైంది! మా ఇంట్లో మాత్రం రాయే.

జి.మాడుగుల వెళ్ళగానే నేను చేసే మొదటి పని సొంత తిరగలి కొనుక్కోవడం. నా రాయి, నా చెయ్యి, ఎదురుగా ఎవరూ లేకుండా. ఒక్కదాన్నే విసురుకుంటే ఎంత హాయిగా ఉంటుందో.

జూన్ 17

పట్టుకున్నాను దొంగని!

పొద్దున స్నానం చేయిస్తున్నాను. కుడి చేతి మీద తువ్వాలు వేసి రెండో వైపు తిరిగాను. తువ్వాలు లాగబోతే రాలేదు. వేళ్ళు పట్టుకుని ఉన్నాయి. గట్టిగా ఏం కాదు, పట్టుకునైతే ఉన్నాయి. నేను చూడగానే వదిలేసింది.

చెయ్యి వస్తోంది. దాస్తోంది.

"నన్ను ఆపడానికే గదా ఇదంతా? సెయ్యి వచ్చిందంటే నాను ఎల్లిపోతానని?" అని మొహం మీదే అడిగేశాను.

"ఏటి" అంది, నీళ్ళు కారుతున్న మొహంతో.

యంత్రం మీద మళ్ళీ నీలం. రోజూ ఇంతే, పిడి తిరుగుతూ ఉంటుంది, చెయ్యి దాని మీద వడలిన ఆకులా పడి ఉంటుంది. మొహంలో మాత్రం ఎక్కడలేని శ్రద్ధ. పైగా ఎడం చేతిని బల్ల మధ్యలోకి తెచ్చి గుప్పిట మూస్తుంది, తెరుస్తుంది. జయశ్రీ మేడమ్‌ని అడిగితే ఒక చెయ్యి పనిచేస్తుంటే రెండోది కూడా కదలడం మామూలేనంది. నాకైతే బుర్ర కూడా పోయిందేమోనని అనుమానం.

కాదు, బుర్ర బానే ఉంది. ఎవరిని ఎలా వాడుకోవాలో బాగా తెలిసిన బుర్ర. నేను దొరకలేదని ఇనప చేతిని దొరకబుచ్చుకుంది.

జూన్ 20

కాయిన్ బాక్సు నుంచి మా ఆయనకి ఫోను చేశాను. చెయ్యి దాస్తోందని చెప్పాను. "వొదిన అలాంటిది కాదే" అన్నాడు. ఫోను పెట్టేశాను. రూపాయి మిగిలింది, దాంతో ఏం చేసుకోను?

జూన్ 23

ఇవాళ లక్ష్మీప్రసాద్ సార్ పక్కకి పిలిచారు. ఆయనకి చెప్పడం ఇష్టం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"కృపావతి గారూ, పసుపు అసలు రావట్లేదమ్మా. యంత్రం ఒక్కటే ఉంది, బయట చాలామంది ఎదురుచూస్తున్నారు. ఈ నెలాఖరు దాకా చూద్దాం. తర్వాత మీరు ఇంటికెళ్ళి మామూలు వ్యాయామాలు చేయించుకోండి."

"వస్తాదా సార్ సెయ్యి, అలాగైతే?"

ఆయన జేబులో స్క్రూడ్రైవరు సర్దుకున్నారు.

చెయ్యి రాదు. గంజి కాచుకోదు. పెద్దలు ఒప్పుకోరు. మా ఆయన ఉద్యోగం చేసుకుంటూ అక్కడ, నేను ఈవిడ నోట్లో ముద్దలు పెడుతూ ఇక్కడ. ఈవిడ ఎంతకాలం బతుకుతుందో అంతకాలం. గట్టి మనిషి, వాళ్ళమ్మ ఇంకా కట్టెలు మోస్తోంది.

జూన్ 25

బతిమాలాను. ఇది కూడా రాసుకోవాలి, ఎందుకంటే ఆవిడని నేను బతిమాలడం ఇదే మొదలు. "అక్కా, లాగక్కా. ఒక్కపాలి లాగక్కా, నీకు దండం పెడతాను" అన్నాను. తల ఊపింది. పిడి తిరగడం మొదలెట్టింది. ఆవిడ చెయ్యి మెత్తగా, బుద్ధిగా పిడి వెంట పోయింది. నీలం, నీలం, నీలం.

నన్ను చూసి నవ్వింది కూడా. వంకర మూతితో.

ఒక మనిషిని ఇంత ద్వేషించొచ్చని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. తెలుసనుకున్నాను.

జూన్ 27

ఇది ఇవాళే రాయాలి.

జయశ్రీ మేడమ్ ఎవరో పిలిస్తే బయటికెళ్ళింది. సార్ కంప్యూటర్లో తల దూర్చి ఉన్నారు. పిడి తిరుగుతోంది. ఈవిడ పెదాలు బిగించి, కళ్ళు చుక్క మీద పెట్టి, మహా కష్టపడుతున్నట్టు కూర్చుంది. చెయ్యి మాత్రం పడుకుని ఉంది. ఆ మొహంలో శ్రద్ధ చూసే నాకు ఒళ్ళు మండింది. సరిగ్గా అదే మొహం, పద్దెనిమిదేళ్ళు నా ఎదురుగా కూర్చున్న మొహం.

బల్ల పక్కన ఎర్ర బటన్ ఉంది. ప్రమాదమైతే తప్ప ముట్టుకోవద్దని మొదటిరోజే చెప్పారు. దాన్ని అరచేత్తో కొట్టాను.

"లాగిప్పుడు! నీకోసం లాగీవోళ్ళు లేరు. లాగు!"

యంత్రం గుయ్యిమనడం ఆగింది. పిడి ఆవిడకి దూరంగా, బల్ల అవతలి వైపున నిలిచిపోయింది. సార్ కుర్చీ తోసుకుంటూ లేచి "ఏంటమ్మా అది!" అని అరిచారు.

అప్పుడు కదిలింది, ఆవిడ చెయ్యి. భుజం దగ్గర మొదలై, మోచెయ్యి వణుకుతూ, ఆ బరువైన ఇనప చేతిని అవతలి నుంచి తన రొమ్ము వైపుకి లాక్కుంది. మెల్లగా, వంకరగా, సగం చుట్టు. టీవీలో ఆ సగం గీతా పసుపు. తన ముందుకి వచ్చాక లాగడం ఆపింది. వేళ్ళు వదులు చేసింది. తల ఎత్తి నా వైపు చూసింది. ఎడం చెయ్యి బల్ల మధ్యలోకి తెచ్చి గుప్పిట తెరిచింది.

గింజలు పోసింది.

సార్ "వచ్చింది! జయశ్రీ గారూ, వచ్చింది! ఎలా వచ్చింది?" అంటూ గదంతా తిరుగుతున్నారు. నన్ను అడిగారు. నాకేం తెల్సు సార్ అన్నాను.

నాకు తెలుసు.

జూన్ 28

చెప్పను.

జూన్ 29

ఎందుకు చెప్పాలి? ఆవిడ దాని ముందు కూర్చుని తిరగలి విసురుతోంది. పొద్దున్నే కళ్ళకద్దుకుని, ఎడం చేత్తో గింజలు పోసుకుంటూ. అవతలి చెయ్యి లాగుతున్నంతసేపు తన చెయ్యి వదిలి ఉంచుతోంది, వంతు కోసం చూస్తోంది. ఆ ఇనప మూర్ఖుడు వంతు ఇవ్వడు. వదిలిందంటే చేతకాక వదిలిందనుకుని ఇంకా లాగుతాడు. వాడు ఇంకా లాగుతుంటే ఈవిడ ఇంకా వదులుతుంది. నేను పక్కన నిలబడి లాగు లాగు అని అరిచినకొద్దీ, ఇంకా నీ వంతు కాలేదే అన్నట్టు చూస్తుంది. మాట ఉంటే మణికట్టు మీద ఒక్కటి వేసి చెప్పేది.

ఇదంతా చెప్తే, ఆవిడ మోసం చెయ్యలేదని నా నోటితో నేనే చెప్పినట్టవుతుంది. సచ్చినా చెప్పను. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, వాళ్ళే కనుక్కోవాలి.

జూన్ 30

చెప్పాను.

సార్ మా కాగితాలు సర్దుతున్నారు. మొన్నటిది మళ్ళీ రాలేదు, నిన్నా ఇవాళా నీలమే, ఒక్కసారి అలా కండరం పట్టేసి కదిలిందేమోనంటున్నారు. జయశ్రీ మేడమ్ పట్టీలు విప్పింది. విప్పగానే ఈవిడ మళ్ళీ ఎడం చేత్తో బల్ల తాకి కళ్ళకద్దుకుంది, పని అయిపోయిందన్నట్టు. పిండి ఎక్కడుందా అని బల్ల చుట్టూ చూసింది కూడా. నా నోరు నేను ఆపుకోలేకపోయాను.

"ఆ సెయ్యికి వంతివ్వండి సార్. మీ మిషను వంతివ్వట్లేదు" అన్నాను. తిరగలి ఎలా విసురుతారో బల్ల మీద చేత్తో తిప్పి చూపించాను. జయశ్రీ మేడమ్‌కి వెంటనే అర్థమైంది. వాళ్ళ అమ్మమ్మగారింట్లో కందులు అలాగే విసిరేవారట. సార్ కుర్చీలో కూర్చుండిపోయారు.

"సాయం ఎక్కువైతే మనిషి చెయ్యి బద్ధకిస్తుందని మాకు తెలుసమ్మా. మర్యాదకి ఆగుతుందని తెలీదు" అన్నారు.

మర్యాద! ఈవిడకి మర్యాద ఉందని తేల్చడానికి ఒక ఇంజినీరు కావలసొచ్చింది.

నేను చెప్పింది ఆవిడ కోసం కాదు. జి.మాడుగుల కోసం. ఇది స్పష్టంగా రాసి పెడుతున్నాను.

జులై 3

సార్ యంత్రానికి కొత్త పాఠం నేర్పారు. సగం చుట్టు అది లాగుతుంది. మిగతా సగం చెయ్యి ఒగ్గి ఆగుతుంది. ఎంతసేపైనా ఆగుతుంది, తొందరపెట్టదు. మొదటిసారి ఆగినప్పుడు ఈవిడ దాన్ని అనుమానంగా చూసింది. తర్వాత లాగింది.

పసుపు, నీలం, పసుపు, నీలం. సంతలో గాజుల వరసలా ఉంది.

మధ్యాహ్నం సార్‌కి ఇంకో సరదా పుట్టింది. యంత్రాన్ని ఆపేసి, నన్ను ఆవిడకి ఎదురుగా కూర్చోబెట్టి, పిడి మీద నా చెయ్యి కూడా వెయ్యమన్నారు. ఆవిడ పట్టుకున్న చోట బలాన్ని కొలిచేది ఏదో ఉందట, దాంతో ఆవిడది ఎంతో విడిగా తెలుస్తుందట. ఇద్దరం తిప్పాం. ఎప్పట్లాగే మొత్తం నేనే లాగాను, నాకు తెలుసు.

సార్ టీవీ చూపించారు. "చూశారా, సగం ఆవిడదే. ఇంత జబ్బులో కూడా తన సగం తను లాగుతోంది."

"ఇప్పుడు లాగుతాంది సార్. అప్పుడు లాగీది కాదు" అన్నాను.

ఆయనకేం తెలుసు, అప్పుడు అక్కడ కొలిచే యంత్రం లేదుగా.

జులై 11

రెండో మాట వచ్చింది. "సోడి." చోళ్ళు అన్నమాట. అన్నం పెడితే గిన్నె తోసేసి సోడి అంది. విశాఖపట్నంలో చోడి అంబలి ఎక్కడ తేను? ఎండలో మూడు వీధులు తిరిగి తెచ్చాను. ఒక గుక్క తాగి ఉమ్మేసింది. మిల్లు పిండి.

జులై 26

రేపు ఇంటికి. సార్ మా ఊరొచ్చి తిరగలి చూస్తానన్నారు. రోడ్డు వేశాక రండి సార్ అన్నాను. ఇంటి దగ్గర రోజూ ఇద్దరూ ఎదురెదురుగా విసరండి, అదే వ్యాయామం అంది జయశ్రీ మేడమ్. ఇంత దూరం వచ్చి ఇన్నాళ్ళు ఉక్కలో ఉడికి చివరికి తెచ్చుకున్న మందు ఇది. మళ్ళీ అదే రాయి ముందు నన్ను కూర్చోబెట్టారు.

ఆగస్టు 19

చాలా రోజులకి రాస్తున్నాను. తిట్టడానికి ఇక్కడ బోర్డులు అడ్డం లేవు కాబట్టి రాయాల్సిన అవసరం పడలేదు.

వానలు. చెయ్యి రోజురోజుకీ బాగుపడుతోంది. చెయ్యి బాగుపడినకొద్దీ ఆవిడా మామూలు మనిషవుతోంది, అంటే దెయ్యమవుతోంది. ఇవాళ పిండి వేళ్ళతో నలిపి చూసి, "బరక" అని నా ఒళ్ళోకి విసిరింది. కుడి చేత్తో విసిరింది. బావ సంతోషం పట్టలేక ఏడ్చాడు. పిండి దులుపుకుంది నేను.

సెప్టెంబరు 30

పెద్దలొచ్చారు. వాళ్ళ ముందు పొయ్యి వెలిగించి గంజి కాచింది. కుండ దించేటప్పుడు చెయ్యి వణికింది. నేను లేవబోయాను. "ఏటి?" అంది, కళ్ళు ఉరిమి. కూర్చున్నాను. దించింది. గంజి పోసి పెద్దాయనకి కుడి చేత్తో ఇచ్చింది.

ఒప్పుకున్నారు. నేను వెళ్ళొచ్చు.

అక్టోబరు 12. జి.మాడుగుల

వచ్చేశాను. వచ్చేశాను. వచ్చేశాను.

బయల్దేరేటప్పుడు తిరగలి నాకివ్వమని అడిగాను, నువ్వు మళ్ళీ కొనుక్కోవచ్చు కదా అని. "ఏటి!" అంది. ఇప్పుడు ఇంకో నాలుగు మాటలు వచ్చు, అయినా దానికి అదే వాడింది. జీపు దాకా రాలేదు. తిరగలి ముందు, నా వైపు వీపు పెట్టి కూర్చుంది. నేనూ వెనక్కి తిరిగి చూడలేదు. వీపు అని ఎలా తెలిసిందంటే, ఊరికే కనబడింది.

అక్టోబరు 24

సంతలో మా ఊరి సోములమ్మ కనబడింది. బావ ఇప్పుడు ఆవిడకి ఎదురుగా కూర్చుని విసురుతున్నాడట. మగాడు తిరగలి ముందు కూర్చున్నాడని ఊరంతా నవ్వుతోందట.

"మీ అక్క ఆయన్ని సెయ్యి మీద కొడతాందే కురపా. ఒగ్గు, ఒగ్గు అంటాది. ఆ మాట కూడా వచ్చీసింది."

నేను కూడా నవ్వాను. కొట్టనీ. ఇప్పుడు బావ భుజం పోతుంది, అప్పుడు తెలుస్తుంది.

నవంబరు 2

మా ఆయన తిరగలి తెచ్చాడు. కొత్త రాయి, గాట్లు పదునుగా ఉన్నాయి. గోడ పక్కన చాప వేసి పెట్టాను. రేపు పొద్దున్నే విసురుతాను. నా రాయి, నా చెయ్యి.

నవంబరు 3

రాయి బాగాలేదు. సగం తిరిగి ఆగిపోతోంది. మా ఆయనకి చెప్పాను, పైరాయి సరిగ్గా కూర్చోలేదేమో చూడమన్నాను. తిప్పి చూశాడు. "బానే తిరుగుతాంది గదే" అన్నాడు.

నవంబరు 4

మళ్ళీ అదే. నా ముందుకి వచ్చేదాకా తిరుగుతుంది, అవతలికి పోవలసిన చోట ఆగుతుంది. పిడి కిందకి దిగిందేమోనని పైకి లాగి బిగించాను. అదీ కాదు.

నవంబరు 5

రాయి కాదు.

ఇవాళ కళ్ళు పిడి మీద పెట్టి చూశాను. అవతలి నుంచి నా రొమ్ము దాకా బలంగా లాగుతున్నాను. ముందుకి రాగానే వేళ్ళు వాటంతటవే వదులవుతున్నాయి. నేను వదలమనలేదు. వదిలి, అలా పిడి మీద ఊరికే వేసి ఉంటున్నాయి. రాయి ఆగుతోంది. వేళ్ళు మాత్రం వేచి ఉంటున్నాయి.

"లాగవేం?" అన్నాను, పైకే.

మా ఆయన చొక్కా తొడుక్కుంటూ గుమ్మంలోంచి చూశాడు. "ఎవరినే?" అన్నాడు.

ఎదురుగా గోడ ఉంది. కొత్తగా సున్నం వేసిన గోడ.

ఈ డైరీలో ఎన్ని చోట్ల రాశానో వెనక్కి తిప్పి చూశాను, పద్దెనిమిదేళ్ళు మొత్తం నేనే లాగానని. మొత్తం లాగిన చెయ్యికి ఒక్కదాన్నే తిప్పుకోవడం రావాలి కదా. దీనికి సగమే వచ్చు.